మగ్గం చుట్టూ కట్టిన ఇల్లు

చీరాలలో నేతవారి వీధిలో ఒక పాత ఇంటిని బాగుచేయించడానికి పూనుకున్నప్పుడు, పైకప్పు సంగతి, గోడల సంగతి ఆలోచించడానికి ముందే తేల్చుకోవలసిన విషయం ఒకటి ఉన్నది. ముందుగదిలోని మగ్గం గుంటను ఉంచాలా, పూడ్చాలా? ఉంచితే ఇంటి నేల అంతా ఒక మట్టానికి రాదు. నున్నని పలకలు పరచడానికి వీలుపడదు. వానాకాలంలో నీరు ఊరే బాధ అలాగే ఉంటుంది. పూడిస్తే గది విశాలమవుతుంది, కుర్చీలు పడతాయి, పెళ్ళిచూపులకు వచ్చినవారిని కూర్చోబెట్టడానికి చోటు దొరుకుతుంది. గుంట పూడ్చడానికి ఒక పూట పని, కొంత ఇసుక చాలును. ఆ పూటతో ఆ ఇంటిలో రెండు మూడు తరాలుగా సాగిన పని కూడా ముగుస్తుంది.

పాత ఇళ్ళను, వాటి స్వరూపం చెడకుండా, నేటి అవసరాలకు అనువుగా మార్చుకోవడం గురించి ఈ మధ్య చాలామంది మాట్లాడుతున్నారు. ఇటువంటి చర్చలలో సాధారణంగా వినిపించేవి చెక్కడపు తలుపులు, నున్నని స్తంభాలు, ఎర్రని గచ్చులు, రంగు అద్దాల కిటికీలు. అవి ఉన్న ఇళ్ళు చీరాలలోను, తెనాలిలోను, బాపట్లలోను, కోస్తా పట్టణాలన్నిటిలోను ఉన్నవి. 1940, 1950 ప్రాంతాలలో వర్తకులు, వకీళ్ళు, మోతుబరి రైతులు కట్టించుకున్న మేడలవి. పిట్టగోడ నడుమ సున్నంతో తీర్చిన పూలమాల, దాని కింద ఇల్లు కట్టిన సంవత్సరం నేటికీ కొన్నింటిమీద కనిపిస్తాయి. ఆ మేడల అందాన్ని కాపాడాలనడంలో ఎవరికీ వివాదం లేదు. నేతవాని పెంకుటిల్లు అట్లా కాదు. వీధినుంచి చూసేవారికి అందులో కాపాడవలసింది ఏమున్నదో కనబడదు. దాని విశేషమంతా నేల లోపల ఉన్నది.

చీరాల సముద్రానికి దగ్గర. ఓడరేవు తీరం ఊరికి సుమారు ఆరు కిలోమీటర్లు. నేల ఇసుక నేల. కొద్ది లోతులోనే నీరు పడుతుంది. గాలిలో ఎప్పుడూ తడి, ఉప్పు. చీరాల, పేరాల, జాండ్రపేట, ఈపూరుపాలెం, వేటపాలెం ఒకదానికొకటి చేరువగా ఉన్న ఊళ్ళు. నేత ఈ ప్రాంతంలో ఇంతగా నిలదొక్కుకోవడానికి ఆ తడిగాలి కూడా ఒక కారణమని చెప్పవచ్చును. పత్తి నూలుకు తేమ తగిలితే బలం పెరుగుతుంది. ఎండిపోతే పెళుసుబారి పుటుక్కున తెగుతుంది. అందుచేతనే పెద్ద మిల్లులలో సైతం నేత షెడ్లలో యంత్రాలతో నీటి ఆవిరి చిమ్మి, గాలిలో తేమను 75 నుంచి 85 శాతం వరకు నిలుపుతారు. చేనేత కార్మికుడు ఆ యంత్రాన్ని కొనలేడు. నేలలో గుంట త్రవ్వి, పడుగును నేలకు దగ్గరగా సాగదీసి, ఆ మట్టిలోని చెమ్మనే నూలుకు అందించాడు. తాను గుంట అంచున కూర్చుండి, కాళ్ళు లోపలికి దించి, తొక్కుడు చెక్కలను నడిపించాడు. మగ్గాన్ని నేలమీద ఎత్తున నిలబెట్టడానికి కావలసిన కలప కూడా దీనివల్ల మిగిలింది. భౌతికశాస్త్రం చదవనివాడు చేసుకున్న ఏర్పాటే అయినా, భౌతికశాస్త్రం బోధించే ఉపాధ్యాయుడు దానిని ఒక పాఠంగా చెప్పుకోవచ్చును.

ఇంటిలో తక్కిన భాగాలన్నీ ఈ గుంటను అనుసరించి ఏర్పడినవే. పడుగు బారుగా సాగాలి గనుక ముందుగది పొడుగ్గా ఉంటుంది. నేసేవాని చేతులమీద వెలుతురు పడాలి గనుక కిటికీ నేలకు దగ్గరగా, మగ్గం పక్కన ఉంటుంది. నిలబడిన మనిషికి అది పొట్టి కిటికీలా తోచవచ్చును, గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నవానికి సరిగా కంటి ఎత్తున ఉంటుంది. కప్పులో ఒకటి రెండు చోట్ల గాజు పెంకు. ముందు అరుగు, ఆ అరుగుమీద ఇంటి ఆడవారు రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టుతారు. గోడకు ఆసు పోసే మేకులు. వెనుక వంటిల్లు, ఆపైన పెరడు, నుయ్యి. నూలు తడపడానికి, ఉడకబెట్టడానికి, గంజి కాయడానికి ఆ పెరడు కావలసి ఉండేది.

వీధి కూడా ఇంటిలో ఒక భాగమే. పడుగుకు గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఆరబెట్టడానికి ఏ గదీ చాలదు. తెల్లవారుజామున వీధి పొడుగునా కర్రలు పాతి, పడుగు సాగదీసి, ఇరుగుపొరుగు నలుగురూ చేయివేస్తేగాని ఆ పని పూర్తికాదు. కాబట్టి నేతవారి వీధులు తిన్నగా, ఇళ్ళు వీధికి ఆనుకుని, అరుగులు ఒకే వరుసలో ఉంటాయి. అరుగును మింగి ప్రహరీ కట్టుకున్న ఇల్లు ఒకటి ఆ వరుసలో లేచిందంటే, ఆ వీధిలో ఒకరు పడుగు పనికి రావడం మానుకున్నారని అర్థం.

ఇట్టి ఇంటినుంచి వెళ్ళిన బట్ట ఏయే దేశాలు తిరిగిందో చెప్పుకోవడం అప్రస్తుతం కాదు. నూలును నూనెలోను, బూడిద నీటిలోను పలుమార్లు నానబెట్టి, ముడులు కట్టి రంగులద్దిన తేలియా రుమాళ్ళు చీరాలలో పుట్టి అరబ్బు దేశాలకు ఎగుమతి అయినవి. ఆ విద్య ఇక్కడినుంచే నల్లగొండ ప్రాంతానికి పోయింది. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఈ ప్రాంతపు గళ్ళ రుమాళ్ళు మద్రాసు పేరుతో పశ్చిమ ఆఫ్రికాకు పోయేవి. నూనె నానిన నూలు వాసన, రంగు తొట్టెల మరకలు పెరటి గోడల నుంచి పూర్తిగా పోవడానికి చాలాకాలం పడుతుంది. బాగుచేసే సమయంలో పాత గోడ గీకితే కింద అవే కనిపిస్తాయి.

ఇల్లు వదలడమంటే ఏమిటో ఈ ఊరికి ఎవరూ చెప్పనవసరం లేదు. చీరాల పేరాలలను కలిపి ప్రభుత్వం పురపాలక సంఘాన్ని నెలకొల్పి, పన్నుల భారాన్ని అనేక రెట్లు పెంచినప్పుడు, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వాన జనం ఇళ్ళు విడిచి, ఊరిబయట రామనగరమనే పేరుతో పాకలు వేసుకుని సుమారు పదకొండు నెలలు కాపురముండిన సంగతి విద్యార్థులకు పాఠ్యపుస్తకాల ద్వారా తెలిసినదే. ఇంటిమీద పన్నుకు ఎదురుతిరిగి ఇంటినే త్యజించిన ఊరు ఇది. తరువాత తిరిగివచ్చి అవే ఇళ్ళలో కాపురాలు సాగించారు. అప్పటి ఇళ్ళలో ఎక్కువ భాగం తాటియాకు కప్పులవి, మట్టి గోడలవి. ఈనాడు మనం పాత ఇళ్ళని చెప్పుకుంటున్న పెంకుటిళ్ళు చాలావరకు ఆ తరువాతి తరాలవి.

ఆ పెంకుటిళ్ళు లేచిన కాలంలో చేనేతకు కొంత ఆసరా దొరికింది. 1952లో అఖిల భారత చేనేత బోర్డు ఏర్పడింది. 1953లో మిల్లు బట్టమీద సుంకం వేసి, ఆ డబ్బును ఖద్దరుకు, చేనేతకు వెచ్చించే చట్టం వచ్చింది. ఆ నిధినుంచి సహకార సంఘాల ద్వారా నేతవారికి ఇళ్ళు కట్టించే ప్రయత్నం కూడా ఆ దశాబ్దంలోనే సాగింది. చీరాలనుంచి శాసనసభకు ఎన్నికైన ప్రగడ కోటయ్య చేనేతవారి పక్షాన జీవితాంతం వాదించిన నాయకుడు. అప్పులోనో పొదుపులోనో కొద్దిగా వెసులుబాటు కలిగినవాడు తాటియాకు తీసివేసి మంగుళూరు పెంకు కప్పించాడు. మట్టి గోడల స్థానంలో ఇటుక గోడ లేపాడు. ఆ పెంకుకు ఒక చరిత్ర ఉన్నది. 1865లో మంగుళూరులో బాసెల్ మిషన్ వారు ప్లెబ్‌స్ట్ అనే జర్మను దేశస్థుని పర్యవేక్షణలో పెంకుల కర్మాగారం పెట్టారు. పల్లం, మిట్ట ఒకదానిలో ఒకటి ఇమిడే ఆ పెంకు కొన్ని దశాబ్దాలలో దక్షిణ దేశమంతా వ్యాపించింది. కప్పు మారినా, గోడ మారినా, నేత ఇంటిలో గుంట మారలేదు. పాత తాటియాకింటి గుంటమీదనే కొత్త పెంకుటిల్లు లేచింది.

ఇప్పుడు ఆ పెంకుటిళ్ళకు అరవై డెబ్బది ఏళ్ళు నిండినవి. వాటిని మార్చుకోవాలనుకోవడంలో తప్పులేదు. తేలికగా తీసివేయరాని ఇబ్బందులు ఉన్నవి.

అన్నిటికంటె పెద్ద ఇబ్బంది నీరు. రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదానిమీద కొత్తది పరచడంవల్ల వీధి మట్టం పెరుగుతూ వచ్చింది. ఇల్లు ఉన్నచోటనే ఉన్నది. ఒకనాడు మూడు మెట్లెక్కి ప్రవేశించిన ఇంటిలోకి నేడు ఒక మెట్టు దిగి వెళ్ళవలసిన స్థితి అనేక ఊళ్ళలో కనిపిస్తుంది. వీధి నీరు అరుగు దాటి లోపలికి వస్తే, ఇంటిలో అన్నిటికంటె పల్లమైన చోటు మగ్గం గుంటే. అందులో నీరు నిలిస్తే ఎక్కించిన పడుగు పాడవుతుంది, చెక్కలు ఉబ్బుతాయి, నీరు తోడి, గుంట ఆరేవరకు పని ఉండదు. పని లేని రోజుకు కూలి లేదు. అల్పపీడనం పట్టిన వారం నేతవాని ఇంటిలో గడవడం ఎంత కష్టమో ఆ ఇళ్ళనుంచి బడికి వచ్చే పిల్లల ముఖాలు చూసిన ఉపాధ్యాయులకు తెలియనిది కాదు.

రెండవది కప్పు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన తుఫాను చీరాల సమీపంలోనే తీరం దాటింది. ఆ రాత్రి పెంకులు ఎగిరిపోయిన ఇళ్ళలో గడిపినవారు, ఆ కథలు విని పెరిగినవారు కాంక్రీటు కప్పు కావాలనుకోవడంలో వింత ఏమున్నది? పాత ఇంటి సౌందర్యం గురించి వారికి ఉపన్యాసం చెప్పబూనడం అవివేకం. పెంకులు సర్దడం తెలిసినవారు తగ్గిపోతున్నారు. కోతులు తొక్కిన పెంకు పగిలితే వాన ఇంటిలోనే కురుస్తుంది. దీనికితోడు పిల్లలకు చదువుకునే గది, ఆడవారికి ఇంటిలోనే స్నానపుగది, మరుగుదొడ్డి కావలసి ఉన్నవి. ఇవన్నీ న్యాయమైన కోరికలు.

చిక్కు ఎక్కడ వస్తున్నదంటే, ఈ కోరికలు తీర్చడానికి సాధారణంగా అనుసరిస్తున్న పద్ధతి ఒకటే ఉన్నది: పాతదానిని పడగొట్టడం, లేదా పాతదానికి సిమెంటు తొడుగు వేయడం. ఈ రెండవదానిలో ఉన్న ప్రమాదం చాలామందికి తెలియదు గనుక కొంచెం వివరించవలసి ఉన్నది.

పాత గోడ సున్నంతో కట్టినది. తీరప్రాంతంలో ఆలిచిప్పలు, గుల్లలు కాల్చి చేసిన సున్నాన్ని నానబెట్టి, ఇసుక కలిపి, గానుగలో మెత్తగా నూరి వాడేవారు. మంచి కట్టడాలకు బెల్లపు నీరు, కరక్కాయ నీరు కూడా చేర్చేవారు. ఈ సున్నపు పూతకు సన్నని రంధ్రాలు ఉంటాయి. ఇటుక గోడ నేలలోనుంచి తడిని పైకి పీలుస్తుంది. ఆ తడి సున్నపు పూతలోనుంచి మెల్లగా గాలిలోకి ఆరిపోతుంది. పునాదిలో తడి ఉన్నా గోడ పొడిగా నిలవడానికి కారణం అదే. ఆ గోడకు గట్టి సిమెంటు పూత పూస్తే తడికి బయటికి పోయే దారి మూసుకుపోతుంది. అది గోడలోనే పైపైకి ఎక్కి, మొదట మోకాలెత్తున ఉన్న చెమ్మ నడుమెత్తుకు వస్తుంది. చీరాల వంటి చోట ఆ తడిలో ఉప్పు కూడా ఉంటుంది. నీరు ఆరినప్పుడు ఉప్పు పూతకు వెనుక గడ్డకట్టి, పూతను పెచ్చులుగా ఊడదీస్తుంది. ఇంటివారు మేస్త్రీని నిందిస్తారు. మేస్త్రీ సిమెంటు కంపెనీని నిందిస్తాడు. మరుసటి ఏడు ఇంకా దళసరిగా పూత పూస్తారు. సున్నపు గోడకు సున్నపు పూతే తగును. ధర ఎక్కువ కాదు. ఓపిక ఎక్కువ కావాలి.

కప్పు విషయంలోనూ ఇటువంటి మాటే చెప్పుకోవలసి ఉన్నది. పెంకుల సందులలోనుంచి వేడిగాలి పైకి పోతుంది. కాంక్రీటు కప్పు పగలంతా ఎండను దాచుకుని రాత్రి ఇంటిలోకి వదులుతుంది. గది పొడిబారి నూలు తెగుతూ ఉంటే, నేసేవాడు నేలమీద నీళ్ళు చల్లుకుంటూ పని చేయవలసి వస్తుంది. పైపెచ్చు, ఈ కాలంలో చీరాల పేరు నిలుపుతున్న కుప్పడం చీరలకు జకార్డు పెట్టె మగ్గంమీద ఎత్తున కూర్చోవాలి. పెంకుటింటి నడి వాసం కింద దానికి కావలసిన ఎత్తు దానంతట అదే ఉన్నది. డబ్బు కలిసివస్తుందని తక్కువ ఎత్తున వేసిన స్లాబు కింద అది ఇమడదు. కప్పు మార్చక తప్పనప్పుడు మగ్గం ఉన్న ముందుగదికి మాత్రం పెంకు ఉంచి, వెనుక పడకగదులకు, వంటింటికి స్లాబు వేసుకోవడం ఒక మార్గం. తుఫాను వచ్చినప్పుడు తలదాచుకోవడానికి వెనుక గదులున్నవి. ఏడాదిలో తక్కిన రోజులు పని చేసుకోవడానికి ముందుగది ఉన్నది. రెండు కప్పులు కలిసేచోట నీరు కారకుండా కాలువ అమర్చడంలోనే పనివాని నేర్పు ఉన్నది. అంతటా స్లాబే వేయదలచినవారు కనీసం ముందుగది ఎత్తు తగ్గించకుండా, పైన తెల్లని సున్నం కొట్టించి, గోడ పైభాగంలో గాలి పోవడానికి రంధ్రాలు ఉంచుకోవచ్చును.

ఇక అసలైన గుంట. ఇల్లు పల్లమైపోయినప్పుడు మొత్తం ఇంటిని జాకీలతో పైకెత్తే పనివారు ఈ మధ్య ఆంధ్రదేశంలో తిరుగుతున్నారు. కాంక్రీటు చట్రంమీద కట్టిన ఇళ్ళకు అది చెల్లవచ్చుగాని, సున్నం, ఇటుక, మట్టి కలిసిన పాత గోడలకు అది సాహసమే. లోపలి నేలను మెరక చేసుకోవడం మేలు. అప్పుడు గుంట చుట్టూ కూడా మెరక లేపి, కొత్త నేల మట్టానికి జానెడు ఎత్తుగా గట్టు కడితే, వీధి నీరు గది నేలమీదికి వచ్చినా గుంటలోకి దొర్లదు. లోపలివైపు ఇటుకలు సున్నంతో పేర్చి, పూత పూయకుండా వదలాలి; సిమెంటు పూస్తే నీరు రాదుగాని చెమ్మ కూడా రాదు, గుంట ఉండీ ఫలం లేదు. మెరక చేయడానికి ఒట్టి ఇసుక పోస్తే అది తడిని నిలపదు. బంకమట్టి కలపడం మంచిది. గుంట అడుగున ఒక మూల చిన్న కుండంత పల్లం వదిలితే ఊరిన నీటిని తోడిపోయవచ్చును. ఇందులో పెద్ద ఇంజనీరు చేయవలసిన పని ఏమీ లేదు. నేసేవానిని ఒకసారి గుంట అంచున కూర్చోబెట్టి, మోకాలు, మోచేయి, కిటికీ ఏ ఎత్తున ఉన్నవో కొలుచుకోవడమే కావలసినది. నేల మెరక చేసి కిటికీని మరిచిపోతే, వెలుతురు చేతులమీద కాక ఒడిలో పడుతుంది.

గుంట లేకుండా నేలమీద నిలబెట్టే స్టాండు మగ్గం ఉన్నదికదా అని అడగవచ్చును. ఉన్నది, మోకాళ్ళ నొప్పులు పట్టిన వృద్ధులకు, నీరు మానని పల్లపు ఇళ్ళకు అది మేలే. గుంటలో ఏళ్ళ తరబడి కాళ్ళు దించి కూర్చోవడం ఆరోగ్యమని ఎవరూ అనరు. కాని దానికి కలప ఎక్కువ, ఎత్తు ఎక్కువ, పొడిగాలి బెడద ఎక్కువ. ఏది కావాలో నిర్ణయించుకోవలసినవాడు నేసేవాడు. ఇల్లు బాగుచేసే సందడిలో అతనిని అడగకుండా నిర్ణయం జరిగిపోవడమే తరచు చూస్తున్నాము. కొడుకు హైదరాబాదునుంచో ఇంకా దూరంనుంచో డబ్బు పంపుతాడు. తండ్రి కష్టం తీర్చాలన్న ప్రేమతోనే పంపుతాడు. నేల నున్నగా తయారవుతుంది. తండ్రి మరునాడు ఉదయం లేచి, అలవాటు చొప్పున ముందుగదిలోకి వెళ్ళి, ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడతాడు.

ఈ సమస్య చీరాలకు మాత్రమే వచ్చింది కాదు. ఫ్రాన్సులో లియోన్ నగరం పట్టు నేతకు పేరు మోసినది. అక్కడ క్రోయ్-రూస్ కొండమీద పందొమ్మిదవ శతాబ్దంలో నేతవారికోసం కట్టిన ఇళ్ళలో గదుల ఎత్తు సుమారు నాలుగు మీటర్లు. జకార్డు కనిపెట్టిన మగ్గం నిలబడడానికి అంత ఎత్తు కావలసి వచ్చింది. కిటికీలు కూడా అంత పొడుగువే. కూలి రేట్లకోసం 1831లోను, 1834లోను ఆ ఇళ్ళలోనుంచే నేతవారు తిరుగుబాటు చేశారు. ఆ కొండ వాలు, పాత నగరంతోపాటు, 1998లో ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాకు ఎక్కింది. దూలాలు చెక్కుచెదరలేదు, కిటికీలు అవే. మగ్గాలు మాత్రం ప్రదర్శనశాలలోను, వేళ్ళమీద లెక్కపెట్టదగిన కార్ఖానాలలోను మిగిలినవి. ఆ నాలుగు మీటర్ల ఎత్తులో నడుమ ఒక అటక వేసి, పైన పడక, కింద కూర్చునే గది అమర్చుకుని, ధనికులు మక్కువతో కాపురముంటున్నారు. ఇంటి స్వరూపం కాపాడారా అంటే కాపాడారు. ఆ ఎత్తు ఎందుకు వచ్చిందో అడిగితే చెప్పడానికి మాత్రం మార్గదర్శి కావలసి ఉంటుంది.

జపాను దేశంలో క్యోటో నగరపు నిషిజిన్ పేటకు, మన పేరాలకు ఇంకా దగ్గరి పోలిక ఉన్నది. అక్కడి పాత నేత ఇళ్ళలో వెనుకభాగం మట్టినేల. పైన అటక లేకుండా కప్పు వరకు తెరచిన ఎత్తు. కప్పులో వెలుతురుకు గవాక్షం. మట్టినేలలో గుంట తీసి మగ్గాన్ని దించేవారు, చెమ్మకోసమే. వేల మైళ్ళ దూరంలో ఒకరినొకరు ఎరుగని నేతవారు ఒకే ఉపాయం పన్నారు. ఆ ఇళ్ళలో అనేకం ఈనాడు ఫలహారశాలలుగా, అతిథిగృహాలుగా మారినవి.

మన దేశంలో ప్రభుత్వాలు ఈ సంగతిని గమనించలేదనడం సరికాదు. ఏడవ పంచవర్ష ప్రణాళిక కాలంలో, 1985-86లో, నేతవారికి ఇల్లు, పనిచోటు కలిపి కట్టించే పథకాన్ని కేంద్ర ప్రభుత్వం ప్రారంభించింది. ఆ పథకం పేరులోనే ఒక సత్యమున్నది: నేతవానికి నివాసం వేరు, కార్ఖానా వేరు కాదు. కాని సామాన్యంగా పేదలకు కట్టించే ఇళ్ళ నమూనాలు అందరికీ ఒకటే. ఒక గది, ఒక వంటిల్లు, ఒక వసారా. ఆ గదిలో మంచం పడుతుంది, మగ్గం పట్టదు. మగ్గం పట్టని ఇంటిని నేతవానికి ఇవ్వడం, పొలం లేని ఊరిలో రైతుకు నాగలి ఇవ్వడం వంటిది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 డిసెంబరునుంచి కొన్నేళ్ళపాటు సొంత మగ్గం ఉన్న కుటుంబానికి ఏటా 24,000 రూపాయలు ఇచ్చినప్పుడు, ఇంటిలో మగ్గం ఉండడమే అర్హత అయినది. గుంట అప్పుడు మరొక విధంగా కూడా విలువైనది కాబోలు.

బడిలో చిన్నపిల్లలకు ఇంటి బొమ్మ గీయడం నేర్పుతారు. ముందు హాలు, పక్కన పడకగది, వెనుక వంటిల్లు అని పుస్తకంలో ఉంటుంది. చీరాల ప్రాంతపు బడులలో ఆ బొమ్మను చూసిన నేతవారి పిల్లవాడికి తన ఇల్లు ఇల్లులా తోచదు. మగ్గం ఎక్కడ వేయాలి అని అతడు అడిగితే, సమాధానం చెప్పవలసిన బాధ్యత బొమ్మ గీసినవారిది. ఉపాధ్యాయులు తలచుకుంటే, ఒక ఆదివారం విద్యార్థులను వెంటబెట్టుకుని ఏదో ఒక పాత ఇంటి కొలతలు తీయించవచ్చును: గుంట లోతు, కిటికీ ఎత్తు, ముందుగది పొడవు, వీధి మట్టానికీ గడపకూ మధ్య తేడా. పది ఇళ్ళ కొలతలు ఒకచోట రాసి పెడితే, ఆ ఇంటిని బాగుచేయబోయే మేస్త్రీకి అంతకంటె పనికివచ్చే పుస్తకం దొరకదు. ఇటువంటి కాగితాలు భద్రపరచడానికి 1918లో నెలకొన్న సారస్వత నికేతనం వేటపాలెంలో ఉండనే ఉన్నది. పాత పత్రికలను ఇంత కాలంగా దాచిన గ్రంథాలయం పది ఇళ్ళ పటాలను దాచలేకపోదు.

నేత మానుకున్న కుటుంబం గుంటను ఏమి చేసుకోవాలన్నది వేరొక ప్రశ్న. ఇంటిలో నేసేవారు లేకపోయినప్పుడు, ఎవరో మెచ్చుకోవడానికి గుంటను తెరచి ఉంచుకుని, చీకటిలో పసిపిల్లలు పడతారేమోనన్న భయంతో బ్రతకమని చెప్పడానికి ఎవరికీ హక్కు లేదు. అయితే ఇసుక పోసి, పైన కాంక్రీటు వేసి, పలకలు పరిస్తే ఆ పని తిరిగి వెనక్కు తీసుకోలేనిది. దానికి బదులు గుంట అంచున చుట్టూ ఇటుక వరుస కట్టి, దానిమీద టేకు చెక్కలో, పాత దూలాలనుంచి కోయించిన తాటి పలకలో పక్కపక్కగా అమర్చవచ్చును. గది నేలతో సమానంగా వచ్చేటట్లు ఇటుక వరుసను ఒక అంగుళంన్నర దించి కట్టాలి. పలకల నడుమ వేలు పట్టేంత సందు వదిలితే కింద గాలి ఆడుతుంది, చెద పట్టదు. చివరి పలకకు మాత్రం మేకు కొట్టరాదు. దానికి ఒక ఇనుప కడియం బిగిస్తే, ఎత్తవలసి వచ్చిన రోజున ఒక మనిషి ఒక చేత్తో ఎత్తగలడు. దానిమీద చాప పరచుకోవచ్చు, మంచం వేసుకోవచ్చు, పెళ్ళిచూపులకు వచ్చినవారిని కూర్చోబెట్టవచ్చును.